వేలికొనకూ తెరకూ మధ్య కాలం: స్మార్ట్‌ఫోన్ ప్రాసెసర్, నావిగేషన్ మీటల వివాదం – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

స్మార్ట్‌ఫోన్లపై జరిగే చర్చల్లో రెండు వివాదాలు తరచుగా పక్కపక్కనే కనిపిస్తాయి. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు ఉండాలన్నది మొదటిది. బ్యాక్, హోమ్ వంటి నావిగేషన్ మీటలు ఫోన్ చట్రం మీద ఉండాలా, తెరమీద ఉండాలా అన్నది రెండోది. మొదటిదాన్ని ఇంజనీరింగ్ విషయంగా, రెండోదాన్ని అభిరుచి విషయంగా పరిగణించడం పరిపాటి. 2011 అక్టోబరు, 2012 మే నెలల మధ్య ప్రకటితమైన మూడు ఆండ్రాయిడ్ ఫోన్లను ఆధారంగా తీసుకొని, ఈ విభజన సరికాదని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. వేలు తాకిన క్షణం నుంచి తెర స్పందించే క్షణం వరకు గడిచే కాలమే ఈ రెండు వివాదాల ఉమ్మడి విషయమనీ, ఆ కాలాన్ని ప్రాసెసర్ ఎంతగా నిర్ణయిస్తుందో మీటల రూపకల్పన కూడా అంతగా నిర్ణయించగలదనీ ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలక పదాలు: స్మార్ట్‌ఫోన్, ప్రాసెసర్, కోర్, నావిగేషన్ మీటలు, ప్రతిస్పందన కాలం, ఆండ్రాయిడ్, మానవ–యంత్ర సంబంధం.

1. ఉపోద్ఘాతం

ఒక యంత్రాన్ని గురించి వాదించేటప్పుడు అంకెల్లో చెప్పగలిగిన గుణానికి సహజంగానే బలం ఎక్కువ. నాలుగు కోర్లు రెండు కోర్ల కన్నా ఎక్కువ, 1.5 గిగాహెర్ట్జ్ 1.2 గిగాహెర్ట్జ్ కన్నా ఎక్కువ అని చెప్పడానికి వివరణ అక్కరలేదు. బ్యాక్ మీట ఎడమవైపు ఉండటం మేలా, కుడివైపు ఉండటం మేలా అన్న ప్రశ్నకు అటువంటి అంకె లేదు. అందువల్ల మొదటి ప్రశ్న శాస్త్రంగానూ, రెండోది ఇష్టాయిష్టాల సంగతిగానూ చలామణీ అయ్యాయి.

ఈ విభజన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడానికి 2011–12 మధ్యకాలం అనువైనది. ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు కోర్ల ప్రాసెసర్ల నుంచి నాలుగు కోర్ల ప్రాసెసర్లకు మార్పు అప్పుడే జరుగుతున్నది. గూగుల్ తన మీటల విధానాన్ని మార్చుకొన్నదీ ఆ కాలంలోనే. రెండు మార్పులూ ఒకేసారి రావడం వల్ల, ఒకే తరానికి చెందిన ఫోన్లలో భిన్నమైన సమాధానాలను పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది.

పారిభాషిక పదాల విషయంలో ఒక మాట. హోమ్, బ్యాక్, మెనూ, రీసెంట్స్, కోర్ వంటి పదాలను వాడుకలో ఉన్నట్లే స్వీకరించాను. బటన్‌కు ‘మీట’ అన్న పదం తెలుగులో స్థిరపడినదే కనుక దానిని వాడాను. ఫోన్ చట్రం మీద నొక్కితే కదిలే మీటను ‘భౌతిక మీట’ అనీ, తెర కింద గాజుపై గుర్తుగా ఉండి తాకితే పనిచేసేదానిని ‘స్పర్శ మీట’ అనీ, తెరలోనే బొమ్మగా కనిపించేదానిని ‘తెరమీట’ అనీ ఈ వ్యాసంలో వ్యవహరిస్తున్నాను.

2. మూడు ఫోన్లు, మూడు సమాధానాలు

2008లో వెలువడిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌లో భౌతిక మీటలతో పాటు ఒక ట్రాక్‌బాల్ కూడా ఉండేది. 2010 జనవరిలో వచ్చిన నెక్సస్ వన్‌లో బ్యాక్, మెనూ, హోమ్, సెర్చ్ అనే నాలుగు స్పర్శ మీటలు ఉండేవి. 2011 అక్టోబరులో ఆండ్రాయిడ్ 4.0తో ప్రకటితమైన గెలాక్సీ నెక్సస్ ఈ సంప్రదాయం నుంచి తప్పుకొంది. దాని ముఖభాగంపై నావిగేషన్ మీట ఒక్కటీ లేదు. బ్యాక్, హోమ్, రీసెంట్స్ అనే మూడు గుర్తులు తెర అడుగున ఒక నల్లని పట్టీలో కనిపించేవి. మెనూ, సెర్చ్ మీటలు పోయాయి. ఇందులోని ప్రాసెసర్ టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన ఓమాప్ 4460. దానికి 1.2 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే రెండు కోర్లు.

2012 ఫిబ్రవరిలో ప్రకటితమైన హెచ్‌టీసీ వన్ ఎక్స్ మధ్యేమార్గం అనుసరించింది. గూగుల్ సూచించిన బ్యాక్, హోమ్, రీసెంట్స్ క్రమాన్నే స్వీకరించి, వాటిని తెర కింద స్పర్శ మీటలుగా అమర్చింది. దాని అంతర్జాతీయ రూపంలో ఎన్విడియా తయారుచేసిన నాలుగు కోర్ల టెగ్రా 3 ఉంటే, అమెరికాలోని ఎల్‌టీఈ రూపంలో క్వాల్‌కామ్ రెండు కోర్ల స్నాప్‌డ్రాగన్ ఎస్4 ఉంది.

2012 మే 3న లండన్‌లో ప్రకటితమైన శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్ 3 పాత పద్ధతిని నిలుపుకొంది. మధ్యలో నొక్కితే కదిలే హోమ్ మీట, దానికి ఎడమవైపు మెనూ, కుడివైపు బ్యాక్ స్పర్శ మీటలు. దీనిలోనూ రెండు ప్రాసెసర్లు: భారతదేశంతో సహా అనేక దేశాల్లో అమ్మిన రూపంలో 1.4 గిగాహెర్ట్జ్ నాలుగు కోర్ల ఎక్సినాస్ 4412, అమెరికా రూపంలో 1.5 గిగాహెర్ట్జ్ రెండు కోర్ల స్నాప్‌డ్రాగన్ ఎస్4.

మూడు ఫోన్ల తెరల్లోనూ నిలువున 1280, అడ్డంగా 720 పిక్సెళ్లే. మూడూ ఆండ్రాయిడ్ 4.0తోనే మొదలయ్యాయి. పోలికకు ఈ సమానత ఉపకరిస్తుంది.

3. కోర్ల సంఖ్య: లెక్క చెప్పేదీ, చెప్పనిదీ

ఒకే పేరుతో అమ్ముడైన ఫోన్‌లో ఒకచోట నాలుగు కోర్లు, మరొకచోట రెండు కోర్లు ఉండటం చాలామందికి అన్యాయంగా తోచింది. రెండు కోర్ల ఫోన్ కొన్నవారు సగం శక్తినే పొందారా? ఈ ప్రశ్నకు సమాధానం 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన ఒక పరిశీలనలో ఉంది. ఒక పనిలో ఏకకాలంలో పంచుకోదగిన భాగం ఎంతో, పంచుకోలేని భాగం ఎంతో అన్నదానిపై కోర్ల ప్రయోజనం ఆధారపడుతుంది. పంచుకోలేని భాగాన్ని ఎన్ని కోర్లు చేర్చినా తగ్గించలేం.

ఒక లెక్క చూద్దాం. ఒక కోర్‌కు 100 ప్రమాణాల కాలం పట్టే పనిలో సగం మాత్రమే పంచుకోదగినదనుకొందాం. రెండు కోర్లకు 50, 25 కలిపి 75 ప్రమాణాలు పడుతుంది. నాలుగు కోర్లకు 50, 12.5 కలిపి 62.5 పడుతుంది. కోర్లు రెట్టింపైనా కాలం ఆరోవంతే తగ్గింది. ఇప్పుడు ఆ రెండు కోర్లలో ప్రతిదీ, నాలుగింటిలోని కోర్ కన్నా 30 శాతం వేగవంతమైనదనుకొంటే, 75 ప్రమాణాల పని సుమారు 57.7లోనే ముగుస్తుంది. అంటే రెండు కోర్లు నాలుగింటిని దాటిపోయాయి. పని మొత్తం పంచుకోదగినదైతే ఫలితం తారుమారవుతుంది: నాలుగు కోర్లకు 25, వేగవంతమైన రెండు కోర్లకు సుమారు 38.5. కనుక ఏది మెరుగన్న ప్రశ్నకు సమాధానం ప్రాసెసర్‌లో లేదు, పని స్వభావంలో ఉంది. వీడియోను ఒక రూపం నుంచి మరొక రూపంలోకి మార్చడం మొదటి కోవకు చెందదు, రెండో కోవకు చెందుతుంది. ఒక మీట నొక్కగానే తెర మారడం వంటి నిత్యకృత్యాల్లో మాత్రం ఒకదాని తరువాత ఒకటిగా జరగవలసిన అంచెలే ఎక్కువ.

పై లెక్కలోని 30 శాతం ఊహ మాత్రమే. అయితే కోర్‌కూ కోర్‌కూ తేడా ఉండటం ఊహ కాదు. టెగ్రా 3, ఎక్సినాస్ 4412 ప్రాసెసర్లలో ఉన్నవి ఏఆర్ఎమ్ సంస్థ రూపొందించిన కార్టెక్స్ ఏ9 కోర్లు. ఒక గడియారపు స్పందనలో అవి రెండు ఆదేశాలను విడమరచుకోగలవు. స్నాప్‌డ్రాగన్ ఎస్4లో క్వాల్‌కామ్ స్వయంగా రూపొందించుకొన్న క్రెయిట్ కోర్లు మూడింటిని విడమరచుకోగలవు. తయారీ పద్ధతిలోనూ భేదం ఉంది: టెగ్రా 3 40 నానోమీటర్లు, ఎక్సినాస్ 4412 32 నానోమీటర్లు, స్నాప్‌డ్రాగన్ ఎస్4 28 నానోమీటర్లు.

ఫోన్ విషయంలో ఈ భేదానికి విలువ ఎందుకంటే, అక్కడ వేగానికి హద్దు బ్యాటరీ, వేడి. ట్రాన్సిస్టర్లు మారడానికి ఖర్చయ్యే విద్యుచ్ఛక్తి పౌనఃపున్యంతో అనులోమంగానూ, వోల్టేజి వర్గంతో అనులోమంగానూ పెరుగుతుంది. పౌనఃపున్యాన్నీ వోల్టేజినీ పదేసి శాతం తగ్గిస్తే ఖర్చు సుమారు 27 శాతం తగ్గుతుంది. తక్కువ వేగంతో నడిచే ఎక్కువ కోర్లను సమర్థించేవారి వాదానికి మూలం ఇదే. ఆ వాదం నిరాధారమైనది కాదు. టెగ్రా 3లో నాలుగు ప్రధాన కోర్లతో పాటు తేలికపాటి పనులకోసం తక్కువ శక్తితో నడిచే అయిదో కోర్‌ను చేర్చడం కూడా ఈ ఆలోచన నుంచి పుట్టినదే.

అమెరికాలో రెండు కోర్ల ప్రాసెసర్‌ను ఎంచుకోవడానికి మరొక ముఖ్య కారణం ఉంది. స్నాప్‌డ్రాగన్ ఎస్4 చిప్‌లోనే ఎల్‌టీఈ మోడెమ్ ఇమిడి ఉంది. టెగ్రా 3లో అది లేదు. కోర్ల సంఖ్యపై వాదించినవారు ఎక్కువగా విస్మరించిన ఈ అంశం, ఏ దేశంలో ఏ ప్రాసెసర్ వెళ్లాలో నిర్ణయించడంలో పెద్ద పాత్ర వహించింది.

4. మీటల స్థానం: నాలుగు కోణాలు

4.1 తెర విస్తీర్ణం

తెరమీటలను సమర్థించినవారి ప్రధాన వాదం, అవసరం లేనప్పుడు అవి తప్పుకొంటాయి గనుక ఫోన్ ముఖమంతా తెరకే దక్కుతుందన్నది. వ్యతిరేకించినవారి వాదం, అవి తెరలో భాగాన్ని ఆక్రమిస్తాయన్నది. రెండింటినీ లెక్కకు పెట్టవచ్చు. గెలాక్సీ నెక్సస్‌లో మీటల పట్టీ ఎత్తు 96 పిక్సెళ్లు. 1280లో అది 7.5 శాతం. అనువర్తనాలకు మిగిలేది 1184 పిక్సెళ్లు. 4.65 అంగుళాల ఆ తెరలో, పట్టీ కనిపిస్తున్నంతసేపు వాడుకోగల భాగం కర్ణం సుమారు 4.39 అంగుళాలు.

ఆ ఫోన్ పొడవు 135.5 మిల్లీమీటర్లు. హెచ్‌టీసీ వన్ ఎక్స్ దాదాపు అంతే పొడవుండి, కింద స్పర్శ మీటలకు చోటిచ్చి కూడా 4.7 అంగుళాల పూర్తి తెరను అనువర్తనాలకు వదిలింది. కారణం స్పష్టం. గెలాక్సీ నెక్సస్ మీటలను తెరమీదికి మార్చినా, తెర కింది ఖాళీ గడ్డాన్ని తొలగించలేదు. చట్రంలో చోటు మిగల్చకుండా తెరలో చోటు తీసుకొన్నది. ఆండ్రాయిడ్ 4.0లో పట్టీని దాచే ఏర్పాటు ఉన్నా, తెరను ఎక్కడ తాకినా అది తిరిగి వచ్చేది. వీడియోకు అది చాలింది గాని, చదవడానికీ ఆటలకూ చాలలేదు. తాకినా పట్టీ రాకుండా తెరనంతటినీ వాడుకొనే వీలు 2013లో ఆండ్రాయిడ్ 4.4తోనే లభించింది. కనుక 2011లో తెరమీటల వాదం సూత్రరీత్యా సరైనదే గాని, నాటి చట్రాలు దానిని నిలబెట్టలేదు.

4.2 మెనూ మీట తొలగింపు

ఏ మీటలు ఉండాలన్న నిర్ణయం ఫోన్ పైరూపానికే పరిమితం కాదు, అనువర్తనాల ముఖరూపాన్ని కూడా మారుస్తుంది. మెనూ మీటను నొక్కితే ఏమేమి వస్తాయో తెరపై ఎక్కడా సూచన ఉండదు. ఉందో లేదో తెలియని వస్తువును వెదకమనడం వంటిదది. ఆండ్రాయిడ్ 4.0 దానికి బదులు తెరమీదనే మూడు చుక్కల గుర్తును ప్రవేశపెట్టింది. ఇది సమంజసమైన సంస్కరణ.

అయితే పాత అనువర్తనాలు మెనూ మీట ఉంటుందన్న నమ్మకంతో రాయబడ్డాయి. వాటికోసం గెలాక్సీ నెక్సస్ తన పట్టీలోనే కుడిచివర మూడు చుక్కలను చూపేది. హెచ్‌టీసీ వన్ ఎక్స్‌లో అటువంటి పట్టీ లేదు, మెనూ మీటా లేదు. పాత అనువర్తనం తెరిచినప్పుడు మూడు చుక్కలకోసమే తెర అడుగున ఒక నల్లని పట్టీ ప్రత్యక్షమయ్యేది. తెరను ఆదా చేయడానికి స్పర్శ మీటలు పెట్టిన ఫోన్‌లో తెర మళ్లీ తగ్గింది. తరువాతి నవీకరణలో రీసెంట్స్ మీటకే మెనూ పనిని అప్పగించే ఐచ్ఛికాన్ని హెచ్‌టీసీ కల్పించవలసి వచ్చింది.

గెలాక్సీ ఎస్ 3లో సమస్య మరోరకం. ఫోన్‌కు శాశ్వత మెనూ మీట ఉందని ఆండ్రాయిడ్ గుర్తించినప్పుడు మూడు చుక్కల గుర్తును సాధారణంగా చూపదు. ఫలితంగా ఒకే అనువర్తనం ఒక ఫోన్‌లో తన ఐచ్ఛికాలను బహిరంగంగా చూపితే, మరొక ఫోన్‌లో దాచిపెట్టింది. ఒక ఫోన్‌లో నేర్చుకొన్నది మరొక ఫోన్‌లో చెల్లలేదు.

4.3 క్రమం, అలవాటు

గూగుల్ క్రమంలో బ్యాక్ ఎడమవైపు, శామ్‌సంగ్ క్రమంలో కుడివైపు ఉంటుంది. రెండు పక్షాలవారికీ హేతువులు ఉన్నాయి. ఫోన్‌ను కుడిచేత పట్టి ఆ చేతి బొటనవేలితోనే నడిపేవారికి కుడివైపు మీట దగ్గర. ఎడమ నుంచి కుడికి చదివే లిపుల్లో ‘వెనుక’ అన్న భావానికి ఎడమదిక్కు సహజం. లక్ష్యం ఎంత దూరంలో, ఎంత వెడల్పుతో ఉందన్నదానిపై దానిని చేరే కాలం ఆధారపడుతుందని 1954లో పాల్ ఫిట్స్ ప్రయోగపూర్వకంగా చూపాడు. ఆ సూత్రాన్నిబట్టి కుడిచేతివారికి కుడి మీట, ఎడమచేతివారికి ఎడమ మీట మేలు. కాబట్టి సూత్రం ఒక క్రమాన్ని అందరికీ ఉత్తమమని తీర్పు చెప్పలేదు.

కొత్త ఫోన్‌కు మారినవారిని ఇబ్బంది పెట్టేది ఏ క్రమం ఉత్తమమన్నది కాదు, పాత క్రమం మారడం. రోజుకు అనేకసార్లు చేసే కదలిక ఆలోచనతో పనిలేకుండా చేతికి అబ్బుతుంది. మీటల స్థానం తారుమారైతే ఆ నైపుణ్యమే పొరపాటుకు దారితీస్తుంది. అలవాటు ఎంత గట్టిదైతే పొరపాటు అంత తరచు. తెరమీటలకు ఇక్కడ ఒక సహజమైన మేలు ఉంది. గాజుపై ముద్రించిన గుర్తును మార్చలేం, బొమ్మను మార్చగలం. వాడుకరి తన అలవాటుకు తగిన క్రమాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ తెరమీటలతోనే సాధ్యం.

4.4 స్పర్శజ్ఞానం

భౌతిక మీటను కళ్లతో చూడనవసరం లేదు. జేబులో ఉన్నా, చీకటిలో ఉన్నా వేలు దానిని తడిమి గుర్తుపడుతుంది, నొక్కినట్లు వేలికి తెలుస్తుంది. చూపు లేనివారికి ఇది సౌకర్యం మాత్రమే కాదు, ఒక ఆధారం. ఎక్కడ తప్పిపోయినా తిరిగి మొదటికి చేర్చే స్థిరమైన గుర్తు. తెరను వేలితో తడుముతూ అక్కడున్నది చెవితో వినే సదుపాయం ఆండ్రాయిడ్ 4.0తో వచ్చిన మాట నిజమే. అయినా వెదికి కనుగొనవలసిన మీటకూ, ఎప్పుడూ అక్కడే ఉండే మీటకూ భేదం ఉంది. స్పర్శ మీటలకు ఈ గుణమూ లేదు, తెరమీటల మార్పుశక్తీ లేదు. మూడింటిలో మధ్యేమార్గమే బలహీనమైనదని ఈ కోణం నుంచి చెప్పవచ్చు.

5. రెండు వివాదాలు కలిసే చోటు

5.1 నాలుగు కోర్లు, ఒక నిరీక్షణ

మనిషి చర్యకు యంత్రం 0.1 సెకను లోపు స్పందిస్తే, ఆ స్పందన తక్షణమే జరిగినట్లు అనిపిస్తుందని 1968లో రాబర్ట్ మిల్లర్ ప్రతిపాదించాడు. మానవ–యంత్ర సంబంధ అధ్యయనాల్లో ఇది నేటికీ ప్రామాణిక పరిమితిగా గౌరవం పొందుతున్నది. ఈ గీటురాయిపై గెలాక్సీ ఎస్ 3 హోమ్ మీటను పరీక్షిద్దాం.

ఆ మీటకు మూడు పనులు అప్పగించారు. ఒకసారి నొక్కితే హోమ్ తెర, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఎస్ వాయిస్ అనే మాటల సహాయకుడు, నొక్కి పట్టుకొంటే ఇటీవల వాడిన అనువర్తనాల జాబితా. ఒకసారి నొక్కినప్పుడు వాడుకరి అంతటితో ఆగాడా, రెండోసారి నొక్కబోతున్నాడా అన్నది యంత్రానికి తెలియదు. తెలుసుకోవడానికి ఒకటే మార్గం: వేచి చూడటం. ఆ గడువు ముగిసేవరకు ప్రాసెసర్‌కు చేయడానికి పని ఉండదు. నాలుగు కోర్లున్నా, ఎనిమిదున్నా ఆ నిరీక్షణ ఒక మిల్లీసెకనైనా తగ్గదు.

ఇటువంటి గడువుల పరిమాణం ఎంతో గ్రహించడానికి ఆండ్రాయిడ్ మూలచట్రంలోని సాధారణ విలువలు చాలు. తెరపై జంట తాకిడిని గుర్తించే గడువు 300 మిల్లీసెకన్లు. నొక్కి పట్టుకోవడాన్ని గుర్తించే గడువు అప్పట్లో 500 మిల్లీసెకన్లు. సెకనుకు 60 సార్లు మారే తెరపై ఒక చిత్రానికి దక్కే కాలం సుమారు 16.7 మిల్లీసెకన్లు. 300 మిల్లీసెకన్లంటే 18 చిత్రాల కాలం, మిల్లర్ పరిమితికి మూడు రెట్లు. హోమ్ మీట మందకొడిగా ఉందని ఫిర్యాదు చేసినవారికి నాడు దొరికిన పరిష్కారం కూడా దీనినే ధ్రువపరుస్తుంది. ఎస్ వాయిస్ అమరికల్లో హోమ్ మీటతో తెరిచే ఐచ్ఛికాన్ని తీసివేయగానే మీట చురుకైంది. ప్రాసెసర్ అదే, గడువు ఒక్కటే పోయింది.

మెనూ మీటను నిలుపుకోవాలన్న నిర్ణయానికీ ఇటువంటి మూల్యమే ఉంది. మెనూకు ఒక మీట కేటాయించడంతో రీసెంట్స్‌కు మీట దక్కలేదు. దానికోసం హోమ్‌ను నొక్కి పట్టుకోవలసి వచ్చింది. గెలాక్సీ నెక్సస్‌లో ఒక్క తాకిడితో, తక్కువ శక్తిగల ప్రాసెసర్‌తో జరిగిన పనికి ఇక్కడ నిరీక్షణ తప్పనిసరైంది. పాత అనువర్తనాల పట్ల చూపిన మర్యాదకు వాడుకరి తన కాలంతో వెల చెల్లించాడు.

5.2 అదే ప్రాసెసర్, కొత్త వేగం

దీనికి పూరకమైన ఉదాహరణ గెలాక్సీ నెక్సస్ చరిత్రలోనే ఉంది. 2012 జూన్‌లో గూగుల్ ఆండ్రాయిడ్ 4.1ను ప్రకటించింది. అందులోని ‘ప్రాజెక్ట్ బటర్’ అనే ప్రయత్నం లక్ష్యం తెర కదలికలను నునుపుగా చేయడం. చిత్రాలు గీయడాన్నీ, తాకిడిని అందుకోవడాన్నీ తెర మారే లయతో అనుసంధానించారు. ఒక చిత్రం ఆలస్యమైనా తరువాతివి ఆగకుండా మూడో తాత్కాలిక నిల్వను చేర్చారు. తెరను తాకిన క్షణాన ప్రాసెసర్ తన వేగాన్ని పెంచుకొనేలా ఏర్పాటు చేశారు.

ఈ చివరి ఏర్పాటు మన చర్చకు కీలకం. బ్యాటరీని కాపాడుకోవడానికి ప్రాసెసర్ ఎక్కువసేపు తక్కువ వేగంతోనే నడుస్తుంది. పని పెరిగిందని గ్రహించి వేగం పెంచుకొనేలోగా తొలి చిత్రాలు కొన్ని తప్పిపోవచ్చు. వేలు తాకడమే పని రాబోతున్నదనడానికి సంకేతమని గుర్తిస్తే ఆ ఆలస్యం తప్పుతుంది. గుణవివరాల పట్టికలో రాసిన 1.2 గిగాహెర్ట్జ్ మారలేదు. ఆ 1.2 గిగాహెర్ట్జ్ ఎప్పుడు అందుబాటులోకి రావాలన్నది మారింది. రెండు కోర్ల పాత ఫోన్ కొత్త ప్రాసెసర్ లేకుండానే చురుకైంది.

ఒకచోట శక్తి ఉండీ మీట రూపకల్పన దానిని నిలిపివేసింది. మరొకచోట శక్తి పెరగకుండానే స్పర్శను గౌరవించిన రూపకల్పన దానిని వెలికితీసింది. ప్రాసెసర్ ఎంత వేగంగా పనిచేయగలదో గుణవివరాలు చెబుతాయి. ఎప్పుడు పని మొదలుపెట్టాలో చెప్పేది మీట.

6. కొలత లక్ష్యంగా మారినప్పుడు

అంకెలకు గల ప్రతిష్ఠ మరొక వికృతికి కూడా దారితీసింది. 2013 జూలైలో ఆనంద్‌టెక్ పత్రిక గెలాక్సీ ఎస్ 4 ఎక్సినాస్ రూపాన్ని పరీక్షించి, కొన్ని సామర్థ్య పరీక్షల అనువర్తనాలు నడిచేటప్పుడు మాత్రమే దాని గ్రాఫిక్స్ విభాగం 533 మెగాహెర్ట్జ్‌కు చేరుతుందనీ, ఇతర సమయాల్లో 480 మెగాహెర్ట్జ్ దాటదనీ బయటపెట్టింది. వాడుకరి ఎన్నడూ పొందని వేగం పట్టికల్లో నమోదైందన్నమాట.

దీనిని ఒక సంస్థ నడవడికి సంబంధించిన సంగతిగా మాత్రమే చూస్తే అసలు విషయం తప్పిపోతుంది. కొలవడానికి సులువైన గుణంపైనే కొనుగోలుదారు చూపు నిలిచినప్పుడు, తయారీదారు శ్రమ కూడా ఆ గుణంవైపే మళ్లుతుంది. హోమ్ మీట ప్రతిస్పందన కాలానికి గుణవివరాల పట్టికలో ఒక వరుస ఉండి ఉంటే, జంట నొక్కు నిరీక్షణ అంత తేలికగా అంగీకారం పొందేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

7. తరువాతి పరిణామాలు

ప్రాసెసర్ల విషయంలో చరిత్ర సంఖ్యావాదాన్ని పూర్తిగా సమర్థించలేదు, పూర్తిగా తోసిపుచ్చలేదు. 2013లో యాపిల్ ఐఫోన్ 5ఎస్‌లో రెండే కోర్లతో 64 బిట్ల ఏ7 ప్రాసెసర్‌ను ప్రవేశపెట్టి, ఒక్కొక్క కోర్ సామర్థ్యానికి ప్రాధాన్యం ఇచ్చింది. అదే ఏడాది గెలాక్సీ ఎస్ 4లో, 2011లో ఏఆర్ఎమ్ ప్రకటించిన పద్ధతిని అనుసరించి, శక్తిమంతమైన నాలుగు కోర్లనూ పొదుపైన నాలుగు కోర్లనూ జతచేసిన ప్రాసెసర్ వచ్చింది. ఎన్ని కోర్లన్న ప్రశ్న క్రమంగా ఏ పనికి ఏ కోర్ అన్న ప్రశ్నగా పరిణమించింది.

ఓమాప్ కథ మరోలా ముగిసింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2012లోనే స్మార్ట్‌ఫోన్ ప్రాసెసర్ల రంగం నుంచి దృష్టి మళ్లించుకొంది. 2013లో గెలాక్సీ నెక్సస్‌కు ఆండ్రాయిడ్ 4.4 ఇవ్వబోమని గూగుల్ ప్రకటించింది. నవీకరణలకు తాము పాటించే 18 నెలల గడువు దాటిందన్నది చెప్పిన కారణం. తెరమీటల పట్టీని దాచే అసలైన వీలు ఆ రూపంతోనే వచ్చింది గనుక, తెరమీటలను ఆండ్రాయిడ్ ఫోన్లకు పరిచయం చేసిన ఫోనే వాటి పరిపక్వ రూపాన్ని అధికారికంగా అందుకోలేదు.

మీటల విషయంలో గూగుల్ మార్గమే చివరకు నిలిచింది, అయితే ఆలస్యంగా. 2014లో గెలాక్సీ ఎస్ 5లో శామ్‌సంగ్ మెనూకు బదులు రీసెంట్స్ పెట్టింది. అదే ఏడాది హెచ్‌టీసీ వన్ ఎమ్8 తెరమీటలకు మారింది. 2017లో గెలాక్సీ ఎస్ 8లో శామ్‌సంగ్ భౌతిక హోమ్ మీటను తొలగించింది. అప్పటికి తెర ఫోన్ ముఖాన్ని దాదాపు నింపింది గనుక, 2011లో అసంపూర్తిగా ఉన్న వాదం నిజమైంది. అయితే ఎస్ 8లో తెర కింద హోమ్ స్థానంలో ఒత్తిడిని గుర్తించే ఏర్పాటును కొనసాగించడం గమనార్హం. మీట పోయినా దాని స్థానమూ, నొక్కిన అనుభూతీ మిగలాలన్న గుర్తింపు అందులో ఉంది. 2019లో ఆండ్రాయిడ్ 10 మీటలకు బదులుగా వేలి కదలికలతో పూర్తి నావిగేషన్‌ను అందించినా, మూడు మీటల పద్ధతిని ఐచ్ఛికంగా నిలిపి ఉంచింది.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది అంశాలు తేలుతున్నాయి.

1. కోర్ల సంఖ్య ఒక్కటే ప్రాసెసర్ల తారతమ్యాన్ని నిర్ణయించదు. పని స్వభావం, కోర్ నిర్మాణం, తయారీ పద్ధతి, మోడెమ్ వంటి అనుబంధ అంశాలను కలిపి చూడాలి. ఎస్ 3 రెండు రూపాల్లో ఒకదానిని ‘సగం’ అనడానికి శాస్త్రీయ ఆధారం లేదు.

2. మీటల రూపకల్పన కేవలం అభిరుచి కాదు. తెర విస్తీర్ణం, మీటను చేరే దూరం, నొక్కును గుర్తించే గడువు వంటి కొలవదగిన అంశాలు అందులో ఉన్నాయి. అలవాటు, స్పర్శజ్ఞానం వంటి అంకెలకు సులువుగా లొంగని అంశాలూ ఉన్నాయి.

3. ఒకే మీటకు అనేక పనులు అప్పగించినప్పుడు పుట్టే నిరీక్షణను ఏ ప్రాసెసరూ తగ్గించలేదు. తాకిడిని ప్రాసెసర్‌కు సకాలంలో తెలియజేసే రూపకల్పన పాత ప్రాసెసర్‌నూ చురుకు చేయగలదు.

4. మీట రూపం మారినప్పుడు అందరికన్నా ఎక్కువ నష్టపోయేది దానిపై ఎక్కువగా ఆధారపడినవారు. చూపు లేనివారు, దీర్ఘకాల అలవాటు ఉన్నవారు ఇందులో ముందుంటారు. అందువల్ల కొత్త పద్ధతితో పాటు పాత పద్ధతిని ఐచ్ఛికంగా నిలపడం ఔదార్యం కాదు, రూపకల్పన బాధ్యత.

యంత్రాన్ని గురించి తెలుగులో బోధించేవారూ, రాసేవారూ గుణవివరాల పట్టికను అనువదించి ఇవ్వడంతో ఆగక, ఆ పట్టికలో చోటు దొరకని గుణాలను కూడా ప్రశ్నించే పద్ధతిని విద్యార్థులకు అందించవలసి ఉంది. ఒక ఫోన్ వేగం ఎంతని అడిగినప్పుడు, ఏ పనికి, ఎవరి చేతిలో, ఏ మీట నొక్కినప్పుడు అని తిరిగి అడగగలిగితే ఆ ప్రశ్న పరిశోధనకు అర్హమవుతుంది.